గుగ్గిళ్ళు లేని కొలువు

నాకు ముక్కు మీద కోపం. మా బడిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందుకే ఆ రోజు హెడ్‌మాస్టరు గారు నన్ను తన గదికి పిలిపించి, విషయం చెప్పే ముందు టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే ఎవరికో ఏదో మూడిందనే లెక్క. గ్లాసు చేతికి రాగానే నాకు అనుమానం వచ్చింది.

“ఆరో తరగతి బీ సెక్షను వరండాలో కూర్సుంటా ఉండాది గదా మేడమ్. వానలు పట్టుకుంటే పిలకాయిలు తడిసిపోతారు. మీ లైబ్రరీ గది ఇచ్చినారంటే ఆడ కూర్సోబెట్టేద్దాం,” అన్నారు.

“మరి పుస్తకాలు?”

“బీరువాలు తెచ్చి స్టాఫ్ రూములో పెట్టిద్దాం. ఇప్పుడు మాత్రం వాటిని ఎవురు సదువుతుండారు, మీరే సెప్పండి.”

ఆ చివరి మాటకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని. నిజం కాబట్టే మండింది.

మా బడి తిరుచానూరు నుంచి రేణిగుంటకు పోయే దారిలో ఉంది. పిల్లల తల్లుల్లో చాలామంది తిరుచానూరులో పూలు కట్టి అమ్ముతారు. తండ్రులు రేణిగుంట గోడౌన్లలో మూటలెత్తుతారు, లారీలు తోలుతారు. నేను తెలుగు చెబుతాను. తెలుగు టీచరంటే తీరిక ఎక్కువని అందరికీ ఒక గట్టి నమ్మకం. అందుకని లైబ్రరీని కూడా నా నెత్తిన పెట్టారు. నేను వచ్చేటప్పటికి ఆ గదిలో మూడు బీరువాలు, విరిగిన బెంచీలు, తెరుచుకోని ఒక కిటికీ ఉన్నాయి. కిటికీకి నూనె పోసి, సుత్తితో కొట్టి తెరిచింది నేనే. బూజు దులిపింది నేనే. ఆ గది తాళం చెవి నా గుత్తిలో, మా ఇంటి తాళం చెవి పక్కనే ఉండేది. నా గది అని ఎవరూ రాసివ్వలేదు గానీ, నాకు మాత్రం అది నా గదే.

“ఇవ్వను సార్,” అన్నాను.

ఆయన చెడ్డమనిషి కాదు. పోయిన ఏడు వానల్లో తనే బల్లెక్కి వరండాకు టార్పాలిన్ కట్టిన మనిషి. అది గుర్తొచ్చి నా కోపం ఇంకా పెరిగింది. ఎదుటివాడు మంచివాడైతే పోట్లాడడం ఎంత కష్టమో!

చాలాసేపు తల గోక్కుని, “సరే, కార్తీకం అయ్యేదాకా సూస్తాను. అప్పటికి అన్ని క్లాసులూ ఆ పుస్తకాలు వాడుతుంటే గది మీదే, నేను మాట తప్పను. లేదంటే తాళం చెవి తెచ్చి నా చేతికియ్యాల,” అన్నారు. టీ సగం తాగి లేచి వచ్చేశాను.

స్టాఫ్ రూములో అందరినీ అడిగాను, మీ పాఠాలకు పనికొచ్చే పుస్తకాలున్నాయి, క్లాసుకు తీసుకుపోండి అని. సైన్సు సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “సిలబస్సే అయ్యేట్టు లేదు. ఇంగ మీ కథల పుస్తకాలు ఎప్పుడు సెప్పేది మేడమ్?” అన్నారు. కథల పుస్తకాలు కావయ్యా, చీమల మీద ఉంది, చుక్కల మీద ఉంది అంటే, “కానీండి, సూద్దాం,” అన్నారు. ఆ ‘సూద్దాం’ అనే మాటకు మా ఊళ్ళలో అర్థం అందరికీ తెలుసు. పిల్లల సంగతి సరేసరి. తాళమేసిన బీరువా దగ్గరికి వచ్చి పుస్తకం ఇమ్మని అడిగే ధైర్యం పెద్దవాళ్ళకే ఉండదు.

అప్పటికి దసరా దగ్గరపడింది. చిత్తూరులో మా పుట్టింట్లో ఏటా బొమ్మల కొలువు పెట్టేవాళ్ళం. మా నాయన కొట్టు నుంచి చెక్కపెట్టెలు మోసుకొచ్చి మెట్లు కట్టేవాడు, అమ్మ వాటి మీద పట్టుచీర పరిచేది. వీధిలోని ఆడపిల్లలంతా వచ్చి, కొలువు ముందు కూర్చుని పాట పాడి, గుగ్గిళ్ళు పెట్టించుకుని పోయేవాళ్ళు. ఒకసారి గుగ్గిళ్ళు అయిపోయాక ఎవరో పాప వచ్చింది. అయిపోయాయి పో అన్నాను. అమ్మ లోపలి నుంచి వచ్చి నా నెత్తిన ఒక్కటి మొట్టి, “కొలువు సూడ వచ్చినోళ్ళని వట్టి సేతుల్తో పంపిస్తారామే?” అని ఆ పాప చేతిలో బెల్లంముక్క పెట్టింది. ఆ మొట్టికాయ నాకు బాగా గుర్తుంది. ఎందుకు మొట్టిందో గుర్తుండి ఉంటే, తర్వాత నేను పడిన అవస్థ తప్పేది.

పుస్తకాల కొలువు పెట్టాలని నాకు తట్టిన రోజు రాత్రి అన్నం కూడా సయించలేదు, అంత సంబరం. విరిగిన బెంచీలను ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఇటుకలు పెట్టి ఎత్తు సరిచేసి ఏడు మెట్లు చేశాను. వాటి మీద నా పెళ్ళినాటి వెంకటగిరి చీర పరిచాను. మా ఆయన చూస్తే ఏమనేవారో గానీ, చెబితే కదా! కొలువులో కింది మెట్టు మీద పురుగూ పుట్రా, ఆపైన జంతువులు, ఆపైన మనుషులు, అన్నిటికంటే పైన దేవుళ్ళు ఉంటారు. నేనూ అదే వరసలో పేర్చాను. కింది మెట్టు మీద విత్తనాలు, చీమలు, మట్టి. ఆ పైన పక్షులు, జంతువులు. తర్వాత మనుషులు, ఊళ్ళు, రైళ్ళు, యంత్రాలు. చిట్టచివర ఆకాశం. ఒక్కో మెట్టూ ఏ క్లాసు పాఠానికి కుదురుతుందో నాలుగు రోజులు కూర్చుని చూసుకున్నాను. మెట్ల ముందు పిల్లలతో కలిసి ఇసక పోసి పార్కు కట్టాం. అగ్గిపెట్టెలతో రేణిగుంట జంక్షను, బంకమట్టితో కొండ, కొండ చుట్టూ రాగులు చల్లితే వారానికల్లా పచ్చగా మొలిచాయి. నా చేత్తో చేసిన పనుల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను.

తలుపు తీసిన రోజు బడి బడంతా విరగబడింది. అబ్బబ్బ, ఆ మెచ్చుకోళ్ళు! పిల్లలు చెప్పులు బయట విడిచి వచ్చారు. నేను విడవమని చెప్పలేదు. ఎవరి తల్లో తిరుచానూరు నుంచి కనకాంబరాల దండ కట్టి పంపింది, అది తెచ్చి పై మెట్టుకు వేశారు. హెడ్‌మాస్టరు గారు ఫోన్‌తో ఫొటోల మీద ఫొటోలు తీశారు. సెలవులకు ముందు చివరి రోజు సరస్వతీ పూజ ఎప్పుడూ ప్రార్థన స్థలంలో చేసేవాళ్ళం, ఈసారి కొలువు దగ్గరే చేద్దామని ఆయనే అన్నారు. సైన్సు సారు కర్పూరం వెలిగించి, అన్ని మెట్లకూ పసుపూ కుంకుమా పెట్టారు. నేను మురిసిపోయాను. గది గండం గట్టెక్కినట్టే అనుకుని ఇంటికి పోయాను.

సెలవులయ్యాక వచ్చి చూస్తే రాగిమొలకలు వాడిపోయి ఉన్నాయి, పుస్తకాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రోజుకో క్లాసును పిలిచాను. వచ్చి వరసగా నిలబడి దణ్ణం పెట్టుకుని పోయారు. ఎనిమిదో తరగతి పిల్లను ఒకదాన్ని ఆపి, ఆ పక్షుల పుస్తకం తీసి చూడమంటే, చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

“వద్దు మేడమ్. పూజలో పెట్టినేది తీస్తే కండ్లు పోతాయంట.”

తల కొట్టేసినట్టయింది. మా వైపు పూజలో పెట్టిన పుస్తకం విప్పకూడదు. చిన్నప్పుడు ఆ ఒక్కరోజు చదవకుండా తప్పించుకోవడానికి పుస్తకాలన్నీ మోసుకెళ్ళి పూజలో పెట్టినదాన్ని నేను. నాకు తెలియనిదా? మర్నాడు పళ్ళో పాలో నైవేద్యం పెట్టి పుస్తకం తీసి నాలుగు ముక్కలు చదివితే పట్టింపు తీరుతుంది. మేం పూజ చేసి తాళం వేసి సెలవులకు పోయాం. ఎవరూ తీయలేదు, ఎవరూ చదవలేదు. ఇప్పుడు తీద్దామంటే ఆ మర్నాడు ఎప్పుడో దాటిపోయింది.

సైన్సు సారునన్నా కదుపుదామని పట్టుకున్నాను. “సార్, మీరు ఒక్క పుస్తకం తీసుకుంటే పిల్లలకు భయం పోతుంది.”

“కుంకం పెట్టినేదాన్ని ఎట్ల తీసేది మేడమ్?”

“మీరు చెప్పేది సైన్సు కదా సార్?”

“సైన్సు సైన్సే, సరస్వతి సరస్వతే,” అని ఆయన హాయిగా చాక్‌పీసు తీసుకుని పోయారు. నవ్వాలో జుట్టు పీక్కోవాలో తెలియలేదు.

ఇంకోపక్క హెడ్‌మాస్టరు గారు బడికొచ్చిన ప్రతివాళ్ళనూ తెచ్చి కొలువు చూపిస్తున్నారు. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి, ఆహా అని పోతున్నారు. నేను ఆ గదిలో ఒంటరిగా కూర్చుని నా కొలువును చూసుకుంటూ చాలా ఆలోచించాను. బీరువాలకు వేసిన తాళాలు నేను తీసేశాను, నిజమే. ఇప్పుడు ఒక్క తాళం కూడా లేదు. అయినా అప్పటికంటే గట్టిగా మూతపడి ఉన్నాయి. అంత నిండుగా, అంత వరసగా, ఒక్క వెలితి లేకుండా పేర్చిపెట్టినదాన్ని చూస్తే ఎవరికి మాత్రం చెయ్యి వేయబుద్ధవుతుంది? చూడ్డానికి పెట్టాను, చూసి పోతున్నారు. కార్తీకం మొదలయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, అన్నాలవేళ, ఆరో తరగతి బీ సెక్షను పిల్ల ఒకతె వచ్చింది. వరండాలో కూర్చునే సెక్షను. నా గదికి ఎసరు పెట్టిన సెక్షను అని మనసులో అనుకున్నాను, పాపం దానికేం తెలుసు. వచ్చి కొలువు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక పాట మొదలుపెట్టి చివరిదాకా పాడింది. పాడి లేచి నిలబడింది. కదలదే!

“ఏమ్మా, పాడావు గదా. ఇంక పో,” అన్నాను విసుగ్గా.

“గుగ్గిళ్ళు మేడమ్?”

“ఏంటి?”

“కొలువుకొచ్చి పాట పాడితే గుగ్గిళ్ళు ఇస్తారు గదా. మా అవ్వ వాళ్ళింట్లో ఇస్తారు. మీరేంది, ఏమీ ఇయ్యరా?”

నెత్తిన మా అమ్మ మొట్టినట్టే అయింది. లేచి, కింది మెట్టు మీది చీమల పుస్తకం తీశాను. దాని మీది ఎండుపూలు దులిపాను. “ఇదిగో, ఈ కొలువులో ఇవే గుగ్గిళ్ళు. పట్టు,” అన్నాను. ఆ పిల్ల రెండు చేతులూ చాపింది. పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వరండాలోకి పరిగెత్తింది. ప్రసాదం వద్దనేవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. పూజలోది తీయడం తప్పు గానీ, ఇస్తే పుచ్చుకోవడం తప్పు కాదు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడండి!

మర్నాడు పదింటికల్లా సైన్సు సారు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యారు.

“ఏంది మేడమ్ ఇది? క్లాసంతా వరండాలో బోర్లా పొణుకోనుండారు. ఏమంటే సీమలు సూస్తుండారంట. సీమ బరువు ఎత్తేది నడుముతోనా, నోటితోనా అని నన్ను అడుగుతుండాది ఆ పిల్ల. ఎవురిచ్చినారు దానికి ఆ పుస్తకం?”

“నేనే. పాట పాడింది, ఇచ్చాను.”

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. కింది మెట్టు మీద చీమల పుస్తకం ఉన్నచోట ఖాళీగా ఉంది. దాని పక్కన విత్తనాల పుస్తకం. దానివైపు చూశారు, నావైపు చూశారు. “అది… నాకిస్తారా?”

“మా కొలువులో రూలు ఉంది సార్. పాట పాడాల.”

“ఈ వయసులో నాతో ఆటలా మేడమ్?” అన్నారు గానీ, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, వాళ్ళ ఊరి కోలాటం పాట రెండు చరణాలు పాడారు. ఏం గొంతు! కిటికీ దగ్గర పిల్లలు పోగై చప్పట్లు కొట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. విత్తనాల పుస్తకం రెండు చేతులా తీసుకుని, అద్దుకోనా వద్దా అని ఒక్క క్షణం ఆగి, అద్దుకునే పోయారు.

అంతే, ఇక ఆగలేదు. ఖాళీ అయిన చోట నేను వేరే పుస్తకం సర్దలేదు. ఊరికే వదిలేశాను. నిండుగా ఉన్నప్పుడు ఎవరూ ఒక్క పుస్తకం పేరు కూడా అడగలేదు. సందు కనబడేసరికి ప్రతివాళ్ళకూ ఆత్రమే. “ఆడ ఏముండె మేడమ్? ఎవురు ఎత్తుకోని పోయినారు? ఎప్పుడిస్తారు?” లెక్కల టీచరు ముగ్గుల పుస్తకం పట్టుకుపోయి ఏడో తరగతి చేత నేల మీద ముగ్గులు పెట్టించి, అందులో కోణాలు కొలిపించింది. రైళ్ళ పుస్తకంతో పాటు మా అగ్గిపెట్టెల జంక్షను కూడా సోషల్ క్లాసుకు తరలిపోయింది. పిల్లలు పాటలు అయిపోయి పొడుపుకథలు వేశారు, అవీ అయిపోయి బస్సు కండక్టరు కేకలు వేసి చూపించారు. వేటికైనా ఇచ్చాను.

హెడ్‌మాస్టరు గారికి మాత్రం తల తీసేసినట్టుంది. ఎవరినో వెంటబెట్టుకొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. “ఏం మేడమ్, బంగారంగా ఉన్నేదాన్ని పండ్లు ఊడిన నోరు మాదిరి సేసినారే!” అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం చూసి ఆయనకు భయం వేసి ఉంటుంది.

కార్తీకం చివరికి వచ్చేసరికి మెట్ల మీద ఒక్క పుస్తకం మిగల్లేదు. చీర, ఎండిన కనకాంబరాలు, అంతే. ఆ రోజే ఆయన గది చూడ్డానికి వస్తానన్నారు. ఆ రోజే వాన కూడా పట్టుకుంది. మా వైపు కార్తీకంలో వాన వచ్చిందంటే సముద్రం లేచి వచ్చినట్టే. టార్పాలిన్ ఒక పక్క ఊడిపోయి పటపటా కొట్టుకుంటోంది. కిటికీలోంచి చూశాను. వరండాలో బీ సెక్షను పిల్లలు గోడకు అంటుకుపోయి నిలబడి, పుస్తకాలు తడవకుండా చొక్కాల కింద, ఓణీల కింద దాచుకుంటున్నారు. వాళ్ళు తడుస్తున్నారు, పుస్తకాలు తడవడం లేదు.

“ఏం చూస్తున్నారక్కడ? రండి లోపలికి!” అని అరిచాను, కోపంగానే. నాకు ఏది వచ్చినా కోపంగానే వస్తుంది.

బిలబిలమంటూ వచ్చేశారు. నేలంతా తడి, బెంచీలన్నీ మెట్ల కింద ఉన్నాయి. ఎక్కడ కూర్చోమని చెప్పను? నేను చెప్పకముందే మెట్లెక్కి కూర్చున్నారు. కింది మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా, నా వెంకటగిరి చీర మీద, తడి కాళ్ళతో, ఒళ్ళో పుస్తకాలతో. గుగ్గిళ్ళు అడిగిన పిల్ల నడిమెట్టు మీద కూర్చుని పక్కదానికి ఏదో చదివి వినిపిస్తోంది. నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.

అప్పుడే గొడుగు మడుస్తూ హెడ్‌మాస్టరు గారు వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, మెట్ల మీది పిల్లలను కింది నుంచి పైదాకా చూశారు.

“ఇది కొలువంటే,” అన్నారు చివరికి. తర్వాత నావైపు తిరిగి, “అన్ని క్లాసులూ సూసుకోనే వస్తుండాను మేడమ్. ప్రతి క్లాసులో మీ పుస్తకాలే. మీరు గెలిచినారు. గది మీదే, మాటంటే మాటే. ఈ పిలకాయిల్ని ఇంగ యాడన్నా సర్దుతాను,” అన్నారు. అంటూ వరండా వైపు చూశారు. అక్కడ ఊడిన టార్పాలిన్ తప్ప ఇంకేమీ లేదు.

గెలిచాను. ఆ మాట కోసం రెండు నెలలు నిద్ర లేకుండా గడిపాను. మెట్ల మీద గుసగుసలు ఆగిపోయాయి. పిల్లలకు అర్థమయింది. చిన్నవాళ్ళకు ఇట్లాంటివి ఎంత తొందరగా అర్థమవుతాయో! పై మెట్టు మీద ఒకడు అప్పుడే దిగడానికి కాళ్ళు కిందికి వేశాడు.

“మేడమ్,” అంది నడిమెట్టు మీది పిల్ల, “సారు కొలువుకొచ్చినారు గదా. సారుకి ఏమీ ఇయ్యలేదే?”

ఇవ్వడానికి మెట్ల మీద ఒక్క పుస్తకం లేదు. నా సంచీలోంచి తాళాల గుత్తి తీశాను. లైబ్రరీ తాళం చెవి రింగులోంచి ఓ పట్టాన రాలేదు, గోరు విరిగింది. తీస్తుంటే ప్రాణం ఉసూరుమంది. దాచడమెందుకు, చాలా బాధేసింది. ఆ కిటికీ తెరిచింది నేను.

“కొలువు చూడ వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదు సార్,” అని చాపాను. “పిల్లలు ఇక్కడే ఉంటారు. పుస్తకాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఈ గదికి ఇక తాళం వేయకండి.”

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని రెండు చేతులూ పట్టారు. కళ్ళజోడు వెనక ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, వానే కావచ్చు. నావి మాత్రం వాన కాదు.

“పాట పాడలేదు సార్!” అని పై మెట్టు మీది నుంచి ఎవరో అరిచారు.

ఆయన బిత్తరపోయి నావైపు చూశారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, “పాడండి సార్, మా కొలువులో అందరికీ ఒకటే రూలు,” అన్నాను.